పిట్టగోడ మీద సద్దిగిన్నె

నిన్న పొద్దున్న తులసికోటలో నీళ్లు పోస్తుంటే పక్కింటి పెరట్లోంచి పెద్దమ్మ గొంతు గట్టిగా వినపడింది. "గీ దూది తిని పగటీలి దాక ఎట్లుండాలె నేను?" అంటోంది. చెంబు అక్కడే పెట్టి గోడ దగ్గరికి నడిచాను.

మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఉంది. పద్దెనిమిదేళ్లుగా కరివేపాకు రెమ్మలూ, అప్పు తెచ్చుకున్న కాఫీపొడీ, పెళ్లి శుభలేఖలూ, కష్టం సుఖం అన్నీ దాని మీదుగానే అటూ ఇటూ నడిచాయి. మాది రాజమండ్రి. వాళ్లది సిద్దిపేట దగ్గర పల్లె. ఉప్పల్లో పక్కపక్కన స్థలాలు కొనుక్కోబట్టి ఇరుగూ పొరుగూ అయ్యాం. పక్కింటావిణ్ని నేను "వదినా" అంటాను, ఆవిడ నన్ను "వదినె" అంటుంది. వాళ్ల అత్తగారిని పెద్దమ్మ అంటాను.

"ఏమైంది వదినా?"

"ఏం జెప్పాలె వదినె. మా అత్తమ్మ వచ్చి నాలుగు దినాలాయె. పొద్దుగాల ఇడ్లీ వెడితే ముడుతలేదు. గిది తిండి గాదు, దూది అంటది. రాత్రి బువ్వల సల్ల వోసి పెట్టు, గది తింట అంటది. ముసలామెకు సద్దిబువ్వ వెట్టిన్రని ఎవరన్న అంటే నాకు ఇజ్జతేముంటది?"

జామచెట్టు కింద కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ ఎదురుగా పళ్లెంలో నాలుగు ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. ఎనభై ఏళ్లు దాటిన మనిషి. ఆవిడ గొంతులో పేచీ లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతోంది: తెల్లారగానే ఈ మెత్తటివి రెండు మింగి, ఒంటిగంట దాకా మనిషి ఎలా పనిచేస్తాడు?

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. వదిన లోపలికి వెళ్లి పాలు దించి వచ్చేలోపు నేను గోడకి ఆనుకుని పెద్దమ్మని కదిలించాను. చిన్నప్పుడు పొద్దున్నే ఏం తినేవారని అడిగాను.

"జొన్న గటక. మక్కలు పండిననాడు మక్క గటక. రాత్రి వండింది కుండల ఉంటుండె. పొద్దుగాల అండ్ల సల్ల వోసుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంట, తొక్కు నంజుకుంట తింటుంటిమి. తెల్లబువ్వ యాడిది బిడ్డా, పండుగనాడు కండ్ల జూసుడే."

"ఎన్నింటికి తినేవారు పెద్దమ్మా?"

"గడియారం యాడుండె? సద్దియాళ్లకు తింటుంటిమి."

సద్దివేళ. మా అమ్మమ్మ కూడా అదే మాట అనేది, 'చద్దివేళయింది, పిల్లల్ని పిలవండి' అని. బడిలో నాతో పనిచేసిన అనంతపురం టీచరు అదే పొద్దుని 'అంబటి పొద్దు' అనేది. అంబలి తాగే పొద్దన్నమాట. ఊళ్లు వేరైనా లెక్క ఒకటే: సూర్యుడు బారెడు పైకొచ్చి, వీపు మీద ఎండ తెలిసే వేళ, ఇప్పటి గడియారంలో ఎనిమిదిన్నరా తొమ్మిదీ. వేళని బట్టి తిండి తినడం అందరూ చేసేదే. మనవాళ్లు తిండిని బట్టి వేళకి పేరు పెట్టారు.

ఆ పేరులోనే ఇంకో సంగతి ఉంది. పాతకాలపు పల్లెలో ఉదయపు తిండి లేవగానే తినేది కాదు. కోడి కూసే వేళకి ఎడ్లని తోలుకుపోయి, ఎండ ముదరకముందే రెండు మూడు గంటలు దున్నాక తినేది. మన ఎండలకి ఆ చల్లటి గంటలు బంగారం, వాటిని కంచం ముందు ఎవరూ పోగొట్టుకోరు. పని అయ్యాక, గట్టు మీద చెట్టునీడలో సద్దిమూట విప్పేవారు. అప్పటికి మనిషి సగం రోజు పని చేసేసినట్టే. ఇక ఆ తిండి తేలిగ్గా ఎలా ఉంటుంది? ఒంటికి పట్టేలా, దాహం తీరేలా, మళ్లీ సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా నిలబెట్టేలా ఉండాలి. 'చద్దికూడు తిన్నమ్మ మొగుడాకలి ఎరగదు' అనే సామెత అందుకే పుట్టింది. పొద్దున్న కడుపునిండా చద్ది తిన్న ఇల్లాలికి మధ్యాహ్నం దాకా మొగుడి ఆకలన్న సంగతే గుర్తుకి రాదని దానర్థం. సామెతలో ఇల్లాలి మీద చిన్న దెప్పు ఉన్నా, చద్ది ఎంత బరువైన తిండో అంతకన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

పోతనగారి భాగవతంలో గోపబాలురు అడవిలో కూర్చుని చల్దులు ఆరగించే ఘట్టం ఉంది. కృష్ణుడు ఎడమ అరచేతిలో పెరుగన్నం ముద్ద పెట్టుకుని, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు ఇరికించుకుని తింటాడు. ఎనిమిదో తరగతి పిల్లలకి అది చెబుతున్నప్పుడల్లా క్లాసులో నోరూరని పిల్ల ఉండేది కాదు. పదిహేనో శతాబ్దపు కవి దేవుడి చేత తినిపించిన తిండి అది. ఈ వదిన దాన్ని అత్తగారికి పెట్టడానికి సిగ్గుపడుతోంది. నాకు మనసు చివుక్కుమంది. ఆవిడనేం అంటాం? పట్నం అందరికీ నేర్పిన సిగ్గే అది.

"మరి మీ ఇంట్ల సద్ది తింటుండెనా వదినె?" అంటూ వదిన రెండు గ్లాసుల్లో టీ తెచ్చి గోడ మీద పెట్టింది.

మా ఇంట్లో పిల్లలం తినేవాళ్లం. వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజిలో నీళ్లు చేరుస్తూ పులియబెడితే కమ్మటి పులుపు దిగేది. అందులో వేసిన రాత్రి అన్నం, ఇంత ఉప్పు, పైన మాగాయ టెంక. బడికి పరిగెత్తే ముందు అదే మాకు. మా నాన్న మాత్రం ముట్టేవారు కాదు. రాత్రి మిగిలింది చద్ది, చద్ది పెద్దలకి పనికిరాదు. స్నానం, సంధ్య కాకుండా అన్నం ముట్టకూడదు. ఆయనకి పొద్దున్న అయిదున్నరకి ఒక్క గ్లాసు కాఫీ, అంతే. తాలూకా ఆఫీసులో గుమస్తా. పది గంటలకి కుర్చీలో ఉండాలి. అందుకని తొమ్మిదింపావుకి పీట వేసి, పప్పు, కూర, పులుసు, పెరుగుతో నిండు భోజనం. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు పక్కనున్న కాఫీ హోటల్లో ఏదో ఒక టిఫిను. రాత్రి మళ్లీ అన్నం.

అంటే మా నాన్న జీవితంలో 'బ్రేక్‌ఫాస్ట్' అనేదే లేదు. తెల్లదొరల కచేరీలు పదింటికి తెరిచేవి. బడులూ అంతే. ఆ గంటకి తగ్గట్టు మధ్యాహ్న భోజనం ముందుకి జరిగి ఉదయంలోకి వచ్చేసింది, ఉదయపు తిండికి చోటు లేకుండా పోయింది. మిగిలిన ఖాళీలోకి కాఫీ దూరింది. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల గుమస్తా ఇళ్లు చాలావాటిలో ఇదే వరస. కూర్చుని రాసేవాడిది తేలిక ఉదయం, వంగి దున్నేవాడిది బరువు ఉదయం.

"కాఫీ మడికి అడ్డం గాదా మరి?" అంది వదిన.

అదే విచిత్రం. అన్నం మెతుకు తగిలితే మైల, కాఫీ తాగితే లెక్కలోకి రాదు. ఇది మనకే అనుకునేదాన్ని. తర్వాత చదివితే ఐరోపాలోనూ సరిగ్గా ఇదే పంచాయితీ జరిగిందని తెలిసింది. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ వేదాంతి తిండిపోతుతనాన్ని అయిదు రకాలుగా చెబుతూ, వేళ కాకముందే తినడం అందులో ఒకటన్నాడు. దాంతో పెద్దమనుషులకి ఉదయం తినడం నామోషీ. పిల్లలకీ, జబ్బు మనుషులకీ, కాయకష్టం చేసేవాళ్లకీ మాత్రం మినహాయింపు. మా ఇంట్లో తరవాణి కుండ ముందు కూర్చున్నవాళ్ల జాబితా కూడా ఇంచుమించు అదే! ఆ తర్వాత పదిహేడో శతాబ్దంలో అక్కడ చాక్లెట్ పానీయం వ్యాపించింది. ఉపవాసం నాడు తాగొచ్చా అని వాదులాడుకుంటుంటే బ్రాంకాచ్చో అనే కార్డినల్, ద్రవంతో ఉపవాసం భంగం కాదని తీర్పు చెప్పాడు. మా నాన్న కాఫీ గ్లాసుకి ధర్మశాస్త్రం అక్కడ రాశారన్నమాట.

టిఫిన్ అన్న మాట కూడా ఇలాగే ఊళ్లు తిరిగి వచ్చింది. మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్లు మధ్యాహ్నం తినే తేలికపాటి తిండిని టిఫిన్ అనేవారు. మద్రాసు రాజధానిలో అది జారి సాయంత్రం మూడు గంటలకి చేరింది, మా నాన్న కాఫీ హోటల్ వేళకి. తర్వాత మెల్లగా ఉదయానికి ఎగబాకింది. ఫ్రెంచివాళ్ల మాట దీనికి సరిగ్గా ఎదురు నడిచింది. వాళ్ల 'దెజెనే' అంటే మొదట్లో ఉపవాసం విడవడం, అంటే ఉదయపు తిండే. పట్నంలో పని వేళలు మారేకొద్దీ అది మధ్యాహ్న భోజనం పేరైపోయింది. ఖాళీ అయిన ఉదయానికి 'పెతి దెజెనే', చిన్న దెజెనే, అని కొత్త పేరు పెట్టుకున్నారు. రొట్టెముక్క, వెన్న, కాఫీ. మన మధ్యాహ్నపు మాట ఉదయానికొస్తే, వాళ్ల ఉదయపు మాట మధ్యాహ్నానికి పోయింది. రెండుచోట్లా మాటల్ని తోసింది ఆఫీసు గంటే.

పెద్దమ్మ ఇదంతా వింటూ, ఒక ఇడ్లీని వేలితో నొక్కి చూసింది. "మరి ఇవి ఎన్నడొచ్చినయి?"

ఇడ్లీ పేరు పాతదే. కన్నడంలో శివకోట్యాచార్యుడి 'వడ్డారాధనె'లో, సుమారు 920 నాటికే, ఇడ్డలిగె ఉంది. చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం', 1130 ప్రాంతాల పుస్తకం, అందులోనూ ఇడ్డరిక వస్తుంది. అయితే ఆ పాత ఇడ్లీ ఒట్టి మినపపిండిది, బియ్యం కలిపింది కాదు. మా గోదావరి ఆవిరికుడుం ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తోంది. కోనసీమ వెళ్తే పనసాకుల్ని పుల్లలతో గుచ్చి బుట్టలు చేసి, అందులో పిండి పోసి ఉడికిస్తారు. పొట్టిక్కలంటారు. ఆ ఆకు వాసన పిండిలోకి దిగితే ఇక పచ్చడి కూడా అక్కర్లేదు.

పేరు పాతదైనా అది రోజూ పొద్దున్నే తినే తిండి కావడానికి చాలా జరగాలి. బియ్యం కావాలి, మినుములు కావాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో. వాటి కాలవల కింద డెల్టా అంతా వరి అయింది. వరి కోత ముందు, చేలో తడి ఉండగానే మినుములో పెసలో చల్లేస్తారు. మళ్లీ దున్నే పని లేదు, తడి పెట్టే పని లేదు. మంచు తాగి పెరుగుతాయి. ఒకే చేలో పైన బియ్యం, వెనకాల మినుములు. మా వైపు టిఫినులన్నీ ఆ చేలోంచి వచ్చినవే: ఇడ్లీ, మినపట్టు, దిబ్బరొట్టె, గారె, పెసరట్టు. అప్పట్లో వాన మీద బతికిన సిద్దిపేట జొన్నచేలో వీటికి చోటెక్కడిది?

"గదే గద నేననేది. చేను ఇచ్చిందే తినాలె," అంది పెద్దమ్మ.

అయినా మా ఇంట్లో కూడా ఇడ్లీ రోజూ ఉండేది కాదు. ఆదివారం, లేదా చుట్టాలొస్తే, లేదా శనివారం రాత్రి అన్నం తినని పెద్దలకి ఫలహారంగా. దానికి కారణం ఖర్చు కాదు వదినా, రుబ్బురోలు.

అది చెప్పాలి. మా అమ్మ రుబ్బడం నాకు ఇప్పటికీ చెవుల్లో వినపడుతుంది. మధ్యాహ్నం నానబోసిన పప్పు పొట్టు కడగడానికే అరగంట. వీధిగదిలో దీపం పెట్టుకుని, ఒక కాలు చాపి, రుబ్బురోటి ముందు కూర్చునేది. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ ఎడమచేత్తో పిండి లోపలికి తోస్తూ, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ. పొత్రం బరువుగా తిరిగినంతసేపు గరగర శబ్దం. పిండి వెన్నలా అయ్యేసరికి అది ఆగిపోయి, మెత్తగా చప్ చప్‌మనేది. ఆ చప్పుడు మారితే పిండి అయిందని మేం పక్కల మీదనుంచే చెప్పేవాళ్లం. ఎనిమిదిమందికి రుబ్బడమంటే గంటన్నర. లేచాక కుడిభుజం పట్టుకుని గోడకి ఆనుకుని కాసేపు నిలబడేది. మర్నాడు అయిదింటికి లేచి, స్నానం చేసి, తడిబట్టతో పొయ్యి ముట్టించేది.

మా నాన్నది తేలిక ఉదయం అన్నాను కదా, ఒక్క కాఫీతో. ఆ తొమ్మిదింపావు భోజనానికి మా అమ్మ అయిదింటి నుంచి పొయ్యి దగ్గర ఉండేది. ఆదివారం మేం 'తేలికపాటి టిఫిన్' తిన్నా, ఆ తేలిక మా అమ్మ భుజం మీదనుంచి వచ్చిందే. పొద్దున్న తిండి గురించి ఎవరేం చెప్పినా నేను ముందు ఇదే అడుగుతాను: దానికోసం ఇంట్లో ఎవరు, ఎన్నింటికి లేచారు?

నేనిలా అంటుంటే పెద్దమ్మ కుర్చీలో ముందుకి వంగింది.

"అందుకే సద్ది బిడ్డా. సద్దికి పొయ్యి ముట్టియ్యవట్టదు. మేం నాట్లకు వోతుంటిమి. మొగోళ్లు నాగలి కట్టేయాళ్లకు మేం నారు పీకుతుంటిమి. పొద్దుగాల వండితె పొలానికెవరు వోవాలె? రాత్రి వండి కుండల వెడితె కడుపుకు తిండాయె, కండ్లకు నిద్రాయె."

ఇంతకాలం పాఠాలు చెప్పాను, పుస్తకాలు చదివాను. చద్దన్నం గురించి పులియడం, చలవ, లాక్టిక్ ఆమ్లం అన్నీ చెప్పగలను. ఈ మాట మాత్రం నాకు తట్టలేదు. ఆడమనిషి కూడా తెల్లారకముందే పనికి వెళ్లే ఇంట్లోనే చద్ది పుట్టింది. పొయ్యి దగ్గర ఒక మనిషి ఉండిపోగలిగిన ఇంట్లోనే వేడి టిఫిన్ పుట్టింది. తేలిక, బరువు అనే లెక్క కంచంలో కంటే ముందు అక్కడ తేలిపోయింది.

మావాడు ఇంగ్లండులో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక హోటల్లో ఆ దేశపు నిండు ఉదయపు పళ్లెం చూపించాడు: గుడ్లు, పందిమాంసం, సాసేజీ, బీన్సు, వేయించిన టమాటా, రొట్టె. వాళ్లు కూడా ఇది సెలవు రోజుల్లోనే తింటారనీ, ఆఫీసు ఉన్నరోజు కాల్చిన రొట్టెముక్కే అనీ చెప్పాడు. 1861లో మిసెస్ బీటన్ గృహనిర్వహణ పుస్తకం రాసింది. ఉదయానికి ఆవిడ సూచించినవి చూస్తే చేపలు, మాంసం ముక్కలు, గుడ్లు, మఫిన్లు, తీరుబడి ఉన్న ఇంటి బల్ల కనపడుతుంది. ఆ బల్ల నిండాలంటే పొగచూరిన వంటింట్లో బొగ్గు పొయ్యి వెలిగించే పనిపిల్ల తెల్లారకముందే లేవాలి. ఆ పుస్తకంలో పనివాళ్ల విధులకి కూడా అధ్యాయం ఉంది. ఆ పిల్ల నాకు మా అమ్మ పక్కన నిలబడినట్టే ఉంటుంది.

"టీవీల జెప్తరు గద వదినె, పొద్దుగాల గట్టిగ తినాలని. గది నిజమా?" అంది వదిన.

చెప్పినవాళ్లెవరో చూసుకోవాలి వదినా. అమెరికాలో 1920ల్లో బీచ్‌నట్ అనే కంపెనీ బేకన్ అమ్ముకోవడానికి ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుణ్ని పెట్టుకుంది. అప్పటికి అక్కడివాళ్లు కాఫీ, రొట్టె, పళ్లరసంతో సరిపెట్టుకుంటున్నారు. ఆయన ఒక వైద్యుడి చేత వేలమంది వైద్యులకి ఉత్తరాలు రాయించాడు, ఉదయం బరువుగా తింటే మంచిదా, తేలిగ్గానా అని. ఎక్కువమంది బరువుగానే అన్నారు. ఆ మాట పత్రికల్లోకి ఎక్కింది, దానితోపాటే బేకన్, గుడ్లు పళ్లెంలోకి ఎక్కాయి. అంతకుముందు అదే దేశంలో, మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ ఆరోగ్యాశ్రమంలో, కెలాగ్ సోదరులు 1894లో గోధుమ అటుకులు చేశారు. అవి పక్కా తేలిక తిండి, రోగుల కోసం. ఒకే దేశం, ముప్ఫయ్యేళ్ల తేడా, రెండు ఎదురెదురు సలహాలు. రెండింటి వెనకాలా అమ్మకం ఉంది. నీ మనవడు డాలస్‌లో చల్లటి పాలల్లో వేసుకుని తినే అటుకులు ఆ ఆశ్రమం వంశమే.

"గట్లనా!" అని వదిన నిట్టూర్చి టీ తాగింది.

మన పట్నం సంగతి చూడు. పాతబస్తీలో తెల్లవారుజాము నమాజు అయ్యేసరికి నహారి దేగిసాలు దింపుతారు. నహార్ అంటే అరబ్బీలో పగలు. రాత్రంతా సన్నటి సెగ మీద నాలుక, కాళ్ల ముక్కలు ఉడికి, రసం చిక్కబడుతుంది. దాంట్లోకి చార్‌కోనీ నాన్. అది తిన్నవాళ్లకి మధ్యాహ్నం భోజనం గుర్తుండదు. ఇళ్లలో అయితే ఖిచిడీ, ఖీమా, ఖట్టా. అదే వీధి మలుపులో ఇరానీ హోటల్, ఒక కప్పు చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. బరువూ తేలికా ఒకే వీధిలో, ఎవరి పనికి తగ్గది వాళ్లు తింటారు. మా అనంతపురం టీచరు వాళ్ల ఊళ్లో ఉగ్గాణి, బజ్జీ. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, తాలింపులో వేసి, పుట్నాలపొడి చల్లితే క్షణాల్లో అయిపోతుంది. చూడ్డానికి గాలి. పక్కన పెట్టే మిరపకాయ బజ్జీలే దాన్ని గట్టి తిండి చేస్తాయి. ఎండగాలుల సీమలో అంత తెలివైన ఉదయపు తిండి ఇంకోటి లేదని నా నమ్మకం.

ఇంతకీ పెద్దమ్మ ఊళ్లో గటక ఎప్పుడు పోయిందో అడిగాను. ఆవిడకి సంవత్సరాలు గుర్తుండవు. "రామారావు రెండ్రూపాయల బియ్యం ఇచ్చినప్పటి సంది," అంది. అంటే 1983. కిలో బియ్యం రెండు రూపాయలకి ఇంటికొచ్చాక, దంచి, చెరిగి, విసిరి గటక వండే ఓపిక ఎవరికుంటుంది? తెల్లబువ్వ పండగ రోజుల్నుంచి మామూలు రోజుల్లోకి వచ్చింది. దాన్ని నేను తప్పనను. ఆకలి తెలిసిన ఇళ్లకి అది పెద్ద మర్యాద. ఆ తర్వాత బోర్లు పడ్డాయి, జొన్న పోయి వరి వచ్చింది, పిల్లలు పట్నం వచ్చి ఇడ్లీ నేర్చుకున్నారు.

మా ఇంట్లో మార్పు మరోలా వచ్చింది. కోయంబత్తూరు గ్రైండరు మా తమ్ముడు తన మొదటి సంవత్సరం జీతంలో మిగిల్చి కొన్నాడు. ఆ పెట్టె విప్పి, రాయి తిరుగుతుంటే అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. చేసే పనేం లేదు. అయినా లేవలేదు. పిండి చప్పుడు మారేదాకా అలా వింటూ కూర్చుని, చివర్లో చీరచెంగుతో ఆ గ్రైండరు పక్కలు తుడిచింది. ఆ వారం నుంచే మా ఇంట్లో ఇడ్లీ ఆదివారం దాటి మిగతా రోజుల్లోకి వచ్చింది. అందరూ తేలిక తిండి ఆరోగ్యమని తెలుసుకోవడం వల్ల వచ్చిందంటారు. నేను చూసింది మాత్రం మా అమ్మ భుజానికి విశ్రాంతి దొరికాక వచ్చింది. ఇప్పుడు వీధి చివర కొట్లో సాయంత్రం పూట పిండి పాకెట్లే దొరుకుతున్నాయి, నానబోసే పని కూడా లేదు.

"అయితే ఇప్పుడేం జెయ్యాలె వదినె? అత్తమ్మకు ఇడ్లీ వెట్టాల్నా, సద్ది వెట్టాల్నా?" వదిన మళ్లీ మొదటికొచ్చింది.

నాకు తెలిసింది చెప్పాను. ఆవిడ డెబ్భై ఏళ్లు తిన్న తిండి అది, ఆవిడ పేగులకి ఆ పులుపు తెలుసు. రాత్రి అన్నంలో కాసిని గోరువెచ్చటి పాలు పోసి, రెండు చుక్కల మజ్జిగతో తోడుపెట్టి, ఒక పచ్చిమిరపకాయ చీల్చి వేసి మూత పెట్టమన్నాను. వేసవి కదా, గిన్నె మట్టిదైతే మరీ మంచిది. ఇవాళ రేపు పెద్ద హోటళ్లలోనే మట్టి ముంతల్లో పోసి దాన్ని వడ్డిస్తున్నారు, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక జొన్న, రాగి జావలకీ మళ్లీ గౌరవం వచ్చింది. అవేవీ లేకపోయినా అత్తగారు నోరు తెరిచి అడిగింది పెట్టడంలో ఇజ్జత్ ఎలా పోతుంది?

వదిన మాట్లాడలేదు. పళ్లెంలో చల్లారిన ఇడ్లీల వైపు చూసి, "ఇవి నేను తింట తియ్," అంది.

ఇది నిన్నటి మాట. ఇవాళ పొద్దున్న మళ్లీ చెంబుతో పెరట్లోకి వచ్చేసరికి పిట్టగోడ మీద మూత పెట్టిన మట్టిగిన్నె ఉంది. మూత తీస్తే పెరుగు తోడుకున్న అన్నం, పైన ఎర్రటి తొక్కు. వాసనకి మా వంటింటి తరవాణి కుండ కళ్ల ముందుకొచ్చింది. అటువైపు జామచెట్టు కింద పెద్దమ్మ ఒళ్లో అలాంటి గిన్నే పెట్టుకుని కూర్చుంది. పక్కనే కింద గడప మీద వదిన కూడా ఒక గిన్నెతో.

"వదినె, మా ఇంట్ల ఉల్లిగడ్డ అయిపోయింది," అంది వదిన.

లోపలికి వెళ్లి నాలుగు ఉల్లిపాయలు తెచ్చి గోడ మీదుగా అందించాను. పెద్దమ్మ ఒకదాన్ని తీసుకుని, కత్తి కోసం చూడకుండా, పిడికిలితో కుర్చీ చేతి మీద ఒక్క దెబ్బ కొట్టి చీల్చింది.